ఆరో నంబరు బోల్టు

చచ్చిపోయే ముందు కాసులు రెండు పనులు చేశాడు. ఖల్లికోట స్టేషన్లో దిగి టీ తాగాడు. ఒక మెసేజ్ పంపాడు.

రెండో మెసేజ్ టైప్ చేస్తుండగా ఎవరో అతని వెనకనుంచి రాసుకుంటూ వెళ్లారు. కాసులు బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. ఎండదెబ్బ అనుకున్నారు, గుండెపోటు అని రాసుకున్నారు. మెడ వెనక సూదిపోటంత నల్లచుక్క పోస్టుమార్టంలో గానీ కనపడలేదు.

అతను బరంపురంలో లేతు మిషను నడిపేవాడు. ఇనుముతో ఏది చెయ్యమన్నా చేసిపెట్టేవాడు, ఎందుకని అడిగేవాడు కాదు. మూడేళ్లుగా ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంటుకు చిన్నాచితకా కబుర్లు కూడా చేరవేసేవాడు. ఆఖరి కబురు మాత్రం చిన్నది కాదు.

"ఆదివారం ఆర్యపల్లిలో ఒక తుపాకి పేలదు, పగులుతుంది. చేయించింది తాళంచెవి ఉన్న మనిషి."

రెండోది సగంలో ఆగిపోయింది. "నా చేత చేయించిన వస్తువు" అని మొదలై, అక్కడితో సరి.

*

శుక్రవారం ఉదయం విశాఖపట్నంలో, నీహారిక పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చుంది. మాస్కు పెట్టుకుని ఆమె దవడలోకి లైటు కొడుతున్న మనిషి పేరు సుధీంద్ర. పళ్ల గురించి ఆయనకు తెలిసింది బొత్తిగా శూన్యం. తూర్పుతీరం ఆపరేషన్లన్నిటికీ ఆయనే చీఫ్.

"టార్గెట్ డాక్టర్ శరత్ చంద్ర. క్షిపణి శాస్త్రవేత్త. ఆయన లేకపోతే ఒక ప్రాజెక్టు ఐదేళ్లు వెనక్కి పోతుంది. అది ఎవరికి కావాలో మనకు తెలుసు. నోరు ఇంకాస్త తెరువు."

నీహారిక తెరిచింది.

"బరంపురంలో అనంతపద్మనాభం అని పట్టుబట్టల హోల్‌సేల్ వ్యాపారి. ప్రత్యేక అనుమతితో పాత మిలిటరీ రైఫిళ్లు సేకరిస్తాడు. తొమ్మిది ఉన్నాయి. ఏటా ఆర్యపల్లి ఇసుకలో వింటేజ్ షూట్ అని పాత తుపాకుల గురిపందెం పెడతాడు. ఈ ఏడు మొదటి గుండు డాక్టరుగారిది. ఆరో నంబరు రైఫిల్, వెయ్యితొమ్మిదొందల పదహారు నాటి లీ-ఎన్‌ఫీల్డ్. వాళ్ల తాత అలాంటి దానితోనే మెసపొటేమియాలో పోరాడాడట. ప్రమాదం ఉందని చెప్పినా వినడం లేదు."

ఆమె ఏదో అనబోయింది. ఆయన నోట్లో దూది పెట్టాడు.

"షూట్ రద్దు చేస్తే ముఠా పిట్టలా ఎగిరి ఇంకోచోట వాలుతుంది. బరంపురంలో మనకొక మనిషి ఉంది. సౌందర్య. పాత ఆయుధాల ఎక్స్‌పర్ట్‌గా వాళ్ల ముఠాలోకి పంపాం. వాళ్లు తమ మనిషే అనుకుంటున్నారు. తొమ్మిది తుపాకులూ చూసింది. లోపం లేదంది. నువ్వు మళ్లీ చూడు. ఇన్సూరెన్స్ ఇన్‌స్పెక్షన్ అని వెళ్లు. నీకు అదేగా ఉద్యోగం."

బంధువులందరికీ నీహారిక ఇన్సూరెన్స్ కంపెనీ ఆఫీసరు. పదకొండేళ్లుగా అదే అబద్ధం. చెప్పి చెప్పి అదే నిజమనిపించేంత పాతబడింది.

ఆమె దూది తీసేసి అడిగింది. "తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?"

సుధీంద్ర లైటు ఆర్పాడు. "అందుకే నిన్ను పంపుతున్నాను. తుపాకులు బాగుచేసే ఆర్మరర్ దగ్గర. పోలీసు ఆయుధాగారంలో రిటైరైన మనిషి. వెంకటరమణమూర్తి."

నీహారిక నోరు మూతపడింది. వెంకటరమణమూర్తి ఆమె మేనమామ. తండ్రి పోయాక ఆమెను కాలేజీకి పంపినవాడు. పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు గాలిని చూసి గురిపెట్టడం నేర్పినవాడు కూడా ఆయనే.

*

శనివారం పొద్దున్న బరంపురంలో అత్త సత్యవతి తలుపు తీసి, మేనకోడలి చేతిలో ఒక్క సంచే ఉండడం చూసి, ఇన్సూరెన్సు వాళ్లకు బట్టలు కూడా ఇవ్వరా అంది. లోపల హాల్లో మామయ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముందున్న బల్ల మీద ఒక పాత తుపాకి మడమ, భుజానికి ఆనించే చెక్కభాగం. అరచేతిలో రెండు చుక్కలు అవిసెనూనె వేసుకుని కర్రను రుద్దుతున్నాడు, చంటిపిల్లకు ఒళ్లు పడుతున్నట్టు. చెక్కలో వందేళ్ల మురికి కింద ఎర్రటి చార లేస్తోంది.

"ఇత్తడికి పాలిష్ పెట్టలేదేం?" అంది నీహారిక.

"వయసు తుడిసీకూడదే. తుప్పు తియ్యాల, వయసు ఉంచాల," అన్నాడు. అన్నాడే గానీ తలెత్తి చూడలేదు. ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డా ఆయన చూపు ఆమె భుజం పక్కనుంచి గోడ మీదికి పోయింది.

తప్పు చేసినవాళ్లు అలాగే చూస్తారని ట్రైనింగులో చెప్పారు.

భోజనాల దగ్గర నీహారిక ఆర్యపల్లి సంగతి ఎత్తింది. తుపాకుల గదికి ఎన్ని తాళాలు, ఎవరు లోపలికి వస్తారు అని ఇన్సూరెన్సు గొంతుతో అడిగింది. తుపాకులొక బీరువాలో, గొట్టం వెనక గుండును మూసిపట్టే బోల్టులు ఇంకో బీరువాలో ఉంటాయనీ, బోల్టు లేని తుపాకి ఉత్త కర్రేననీ మామయ్య చెప్పాడు. ఒక్కో బోల్టూ ఒక్కో తుపాకికే కుదురుతుంది. రెండింటి మీదా ఒకే నంబరు కొట్టి ఉంటుంది. తాళం తన మొలతాడునే ఉందన్నాడు. ఆ మాట అనే ముందు మజ్జిగ గ్లాసు కోసం చెయ్యి చాపి, గ్లాసుకు జానెడు ఇవతల గాలిని పట్టుకున్నాడు. ఆ తడబాటు కూడా నీహారిక లెక్కలోకి వెళ్లింది.

"బోల్టులూ తాళాలూ నాకు తెలీవు గానీ," అంది సత్యవతి చారు వడ్డిస్తూ, "నా సీరలన్నీ ఆ తుపాకుల కడుపులోనే ఉన్నాయి. నీలంది సింపేసినాడు, గళ్లది సింపేసినాడు. ఏటంటే మెత్తటి పాత నూలు కావాలట. ఒక ముక్క బోల్టుకి సుడతాడు, దాని జోడుముక్క తుపాకి మడమలో కుక్కుతాడు. నా మెడలో తాడుకి జోడు ఏటుందో అడుగు, సెప్పలేడు."

మామయ్య గోడకు చెయ్యి ఆనించుకుని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. 

ఆ మధ్యాహ్నం ఆయన ఠాకురాణి గుడికని చెప్పి బయల్దేరాడు. నీహారిక తలకు ముసుగేసుకుని ఇంకో ఆటోలో వెనకాల వెళ్లింది. గుడి వచ్చింది, మామయ్య ఆటో ఆగలేదు. స్టేషన్ రోడ్డులో ఒక హోటల్ ముందు ఆగింది. ఆయన మెట్టు మెట్టుకూ కాలితో తడుముకుంటూ ఎక్కాడు. లాబీలో తెల్లటి లినెన్ చొక్కా, మెడలో ఎర్ర స్కార్ఫ్, దూరం నుంచే మొగలిపూల వాసన కొడుతున్న సెంటుతో ఒక అందగత్తె లేచి ఆయనకు కుర్చీ లాగింది.

నీహారిక జడపిన్నులోని కెమెరా మూడుసార్లు నొక్కుకుంది. మూడో ఫోటోలో మామయ్య మొలలోంచి తాళంచెవి తీసి ఆ అందగత్తె చేతిలో పెడుతున్నాడు.

*

సాయంత్రం బడా బజార్‌లో, అనంతపద్మనాభం పట్టు మూటల గోడౌన్ పైన, తుపాకుల గదిలో ఆ అందగత్తె నీహారిక పక్కకు వచ్చి నిలబడింది.

"ఈసారి చిలికాలో పక్షులు తక్కువట," అంది.

"నీళ్లలో ఉప్పు తగ్గింది గదా," అంది నీహారిక.

కోడ్ సరిపోయింది. సౌందర్య గొంతు తగ్గించింది. "మీ మామయ్య నాకు తాళం ఇచ్చాడు. తన తరఫున నంబర్ల లిస్టు చూడమన్నాడు. ముఠా అతనితో టచ్‌లో ఉంది నీహారికా. ఆధారం రేపు దొరుకుతుంది. చీఫ్‌కి రిపోర్ట్ చేశాను. నాకూ బాధగానే ఉంది."

ఆమె ముఖంలో బాధ చక్కగా అమిరింది, స్కార్ఫ్ లాగే.

నీహారిక తొమ్మిది తుపాకులూ పరీక్షించింది. జడపిన్ను చివరి తీగను ఒక్కో గొట్టంలోకీ దింపి చూసింది. గొట్టాలు అద్దాల్లా మెరుస్తున్నాయి. తర్వాత రెండో బీరువా. సౌందర్య ఒక్కో బోల్టూ గుడ్డ విప్పి చూపించింది, నీహారిక భూతద్దం పెట్టి నంబరు చదివింది. ఒకటి నుంచి తొమ్మిది వరకు అన్నీ సరిపోయాయి. అనుమానించడానికి ఏమీ మిగల్లేదు, ఒక మనిషి తప్ప.

చెవిపోగులో సుధీంద్ర గొంతు వచ్చింది. "రెండుసార్లు చూశాం. అంతా శుభ్రం. అంటే రేపు రేంజ్ మీదే చెయ్యి పెడతారు. బోల్టు సౌందర్య ఎక్కిస్తుంది. ఆ తర్వాత మీ మామయ్య డాక్టర్ దగ్గరికి రాకూడదు. వస్తే కాల్చు. నీ వల్ల కాకపోతే ఇప్పుడే చెప్పు."

"అవుతుంది," అంది నీహారిక.

ఇంటికి వెళ్లేసరికి అత్త ఆమె పిస్తోలు ఉన్న హ్యాండ్‌బ్యాగులోనే రేపటికి పులిహోర డబ్బా సర్దుతోంది. పిస్తోలును పక్కకు జరిపి డబ్బాకు చోటు చేసింది. 

*

ఆదివారం ఉదయం ఏడింటికి ఆర్యపల్లి ఒడ్డున గాలి ఉప్పగా, ఎండుచేపల వాసనతో బరువుగా ఉంది. సరుగుడు చెట్ల పక్కన ఎర్రజెండా ఎగురుతోంది. మూడొందల గజాల అవతల ఇసుకదిబ్బకు ఆనించి టార్గెట్ బోర్డులు. పడవలను ఆ పూటకు పక్క ఊరి ఒడ్డుకు పంపేశారు. రోడ్డు మీద చేపల వ్యాన్ ఒకటి ఆగి ఉంది. అందులో బుట్టల మధ్య మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని కూర్చున్న మనిషి సుధీంద్ర.

అనంతపద్మనాభం పట్టు ఉత్తరీయంతో అతిథులను పలకరిస్తున్నాడు. డాక్టర్ శరత్ చంద్ర ఆరో నంబరు చాప దగ్గర నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, పండగకు వచ్చినట్టున్నాడు. మా తాత ఉత్తరాల్లో యుద్ధం గురించి రాయలేదు, ఈ తుపాకి బరువు గురించి రాశాడు అని నీహారికతో చెప్పి, ఆ బరువు చూద్దామనే వచ్చానన్నాడు.

వెంకటరమణమూర్తి ఎప్పటి పద్ధతిలోనే పని మొదలుపెట్టాడు. ఆరో నంబరు తుపాకి మడమకున్న ఇత్తడి మూత తీశాడు. అందులోంచి చివర ఇత్తడి బరువున్న తాడు, ఒక గుడ్డముక్క తీశాడు. గుడ్డను తాడుకు తొడిగి, గొట్టం వెనక నుంచి వదిలి, ముందు నుంచి లాగాడు. కాల్చే ముందు గొట్టంలో నూనె ఉండకూడదు. గుడ్డ విడదీసి చాప అంచున పెట్టి, అందరూ వెనక్కి ఉండండని చెప్పి తప్పుకున్నాడు.

సౌందర్య వచ్చింది. పెట్టెలోంచి ఆరో బోల్టు తీసి, చుట్టిన గుడ్డ విప్పి చాప మీద పడేసి, బోల్టును తుపాకిలోకి జార్చింది. అది మెత్తగా కుదిరింది. డాక్టర్ పడుకుని తుపాకి భుజానికి ఆనించుకున్నాడు. ఒక్క గుండు పెట్టి బోల్టు మూశాడు.

"రేంజ్ క్లియర్," అంది సౌందర్య. అని, నాలుగడుగులు వెనక్కి వేసింది. అక్కడ ఒక్క అడుగు చాలు.

అది నీహారిక కళ్లకు ఆనింది గానీ అప్పుడామె చూపంతా మామయ్య మీద ఉంది. గాలికి ఎగిరిపోకుండా గుడ్డలు ఏరడానికి ఆయన ఒంగాడు. రెండు ముక్కలూ ఎడంచేతిలోకి తీసుకున్నాడు. మడవబోయి ఆగిపోయాడు. పాలిపోయిన ముఖం ఒక్కసారిగా డాక్టర్ వైపు తిరిగింది. కుడిచేతిలో తుపాకులు తుడిచే ఉక్కు కడ్డీ పట్టుకుని, ఇసుకలో తూలుతూ, డాక్టర్ మీదికి పరుగెత్తాడు.

"నీహారికా, షూట్," అంది చెవిపోగు.

పిస్తోలు బయటికి వచ్చింది. సేఫ్టీ జారింది. గురి మామయ్య ఛాతీ మీద నిలబడింది. గాలిని చూసి గురిపెట్టు అని నేర్పిన మనిషి ఛాతీ.

ఆయన ఆమెను చూడలేదు. డాక్టర్నీ చూడడం లేదు. కళ్లు ఎక్కడో ఆకాశంలో ఉన్నాయి. కానీ ఎడంచేతి బొటనవేలు మాత్రం ఆ రెండు గుడ్డల అంచులను ఆగకుండా తడుముతోంది, ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి. ఒక ముక్క నీలం, అంచున గుడి గోపురాల్లా కోసుగా లేచిన నేత. రెండోది పసుపుపచ్చ గళ్లు, అంచు చదును.

జోడుముక్క తుపాకి మడమలో కుక్కుతాడు.

నిన్న మజ్జిగ గ్లాసు పక్కన గాలి. భుజం మీదుగా గోడకు పోయిన చూపు. కాలితో తడుముకున్న మెట్లు. ఆయన అబద్ధం ఆడడం లేదు. ఆయనకు కనపడడం లేదు.

నీహారిక పిస్తోలుతో సహా చాప మీదికి దూకింది. డాక్టర్ వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుంటున్న క్షణంలో ఆమె అరచెయ్యి బోల్టు పిడి కింద తగిలి దాన్ని పైకి ఎత్తేసింది. ట్రిగ్గర్ 'టక్' మంది. అంతే. లేచిన బోల్టుతో లీ-ఎన్‌ఫీల్డ్ కాలదు. ఆమె బోల్టును వెనక్కి లాగేసరికి గుండు ఇసుకలో పడి దొర్లింది.

తల తిప్పేసరికి సౌందర్య స్కార్ఫ్ మడతల్లోంచి తీసిన చిన్న పిస్తోలు ఆమె నుదుటికి సూటిగా ఉంది. "సారీ నీహారికా," అంది, నిన్నటి బాధతోనే.

వెంకటరమణమూర్తికి ఎవరు ఎక్కడున్నారో మసకే. కానీ మొగలిపూల సెంటు ఎటునుంచి వస్తోందో ముక్కు చెప్పింది. కడ్డీ అటు తిప్పి ఒక్కటి వేశాడు. మణికట్టు విరిగిన చప్పుడు, పిస్తోలు ఇసుకలో పడిన చప్పుడు ఒకేసారి వినిపించాయి. చేపల వ్యాన్ తలుపు తెరుచుకుని నలుగురు దిగారు. ఐదోవాడైన సుధీంద్ర కాళ్లు తిమ్మిరెక్కి చివర దిగాడు.

"ఆ బోల్టు దీనిది కాదు," అన్నాడు వెంకటరమణమూర్తి ఆయాసపడుతూ. "నీలంగుడ్డ తుపాకికి గళ్లగుడ్డ బోల్టు ఎట్టినారు. గళ్లది మూడో నంబరుది. నా గుడ్డలు ఎవులో మార్సినారు."

ఆ సాయంత్రానికి ల్యాబులో తేలింది. బోల్టు చూడ్డానికి ఉక్కే, లోపల మెత్తని ఇనుము. కాసులు పనితనం. నంబరు కూడా అచ్చు గుద్దినట్టు కొట్టాడు. పేలి ఉంటే బోల్టు వెనక్కి తన్ని డాక్టర్ కంట్లోంచి దూసుకుపోయేది. పాత తుపాకి, వందేళ్ల ఇనుము, పాపం అనేవారు. వారం ముందు నమూనాకు ఆరో బోల్టును, కొలతలు పోల్చడానికి మూడో బోల్టును సౌందర్య ఒకేసారి బయటికి తీసింది. దొంగ బోల్టు పెట్టి మళ్లీ చుట్టేటప్పుడు ఆమె నంబర్లే చూసుకుంది. ఎక్స్‌పర్టులు నంబర్లు చూస్తారు. గుడ్డ గుడ్డే కదా.

ఖల్లికోట ప్లాట్‌ఫారం మీద కాసులు వెనకనుంచి నడిచిన మొగలిపూల వాసన టీ కొట్టువాడికి ఇంకా గుర్తుంది.

*

"శుక్లాలు," అన్నాడు వెంకటరమణమూర్తి, ల్యాబు మాట ఇంకా రాకముందు, ఆ మధ్యాహ్నమే. చెరో స్టీలు గిన్నెలో పులిహోర పెట్టుకుని వరండాలో కూర్చున్నారు. "రెండు కళ్లకీ. ఎనిమిది నెల్లయింది. సెప్తే తుపాకులు ముట్టనిస్తారా? నంబర్లు కనపడ్డం మానేసినాక అత్త సీరల మీద పడ్డాను. ఏలికి తెలుస్తాది ఏది ఏదో. ఏడాదికోసారి లిస్టులో నంబర్లు రాసి సంతకం ఎట్టాల. ఆ పిల్ల, నేను సదివి పెడతాను బాబాయ్ అంది. పొంగిపోయి వారం కిందట ఓపాలి, నిన్న ఓపాలి తాళం ఇచ్చీసినాను. తప్పు నాదే."

నీహారిక గిన్నె పక్కన పెట్టింది. తర్వాత మొదలుపెట్టింది. "మావయ్యా, నేను పొద్దున్న..."

"సేఫ్టీ తీసినావు. ఇన్నాను," అన్నాడు ఆయన. "నలబై ఏళ్లు ఆ సప్పుడు మజ్జిలోనే బతికినాను. నీ ఇన్సూరెన్సు సంగతి ఆ సప్పుడుతోనే తెలిసిపోయింది. సెయ్యి వణికిందా?"

"వణికింది."

"అయితే పరవాలేదు," అని గిన్నెలో మిగిలిన వేరుశనగ గింజలు ఏరి ఆమె గిన్నెలో వేశాడు, చిన్నప్పుడు వేసినట్టే.

చీఫ్ తన రిపోర్టులో కుట్ర ఎలా బయటపడిందన్న చోట ఏం రాయాలో తేలక రెండు రోజులు ఖాళీగా ఉంచాడు. చివరికి 'స్థానిక గుర్తింపు వ్యవస్థ' అని రాశాడు.

నెల తర్వాత వెంకటరమణమూర్తికి రెండు కళ్లూ ఆపరేషనయ్యాయి. కట్టు విప్పిన వారానికి ఆయన బడా బజార్ గదిలో సౌందర్య దగ్గర దొరికిన అసలు ఆరోదానితో సహా తొమ్మిది బోల్టుల నంబర్లూ అద్దాలు లేకుండా గడగడా చదివి, అనంతపద్మనాభానికి ఒప్పజెప్పాడట. ఇక గుడ్డలతో పని లేదు కదా అని నీహారిక ఫోనులో అడిగింది.

"నంబరు ఎవుడైనా కొట్టగలడే. మీ అత్త సీర ఎవుడు నేస్తాడు?" అన్నాడు. సాక్ష్యం కింద పోలీసులు పట్టుకెళ్లిన రెంటికి బదులు కొత్త జత కావాలని కూడా అన్నాడు.

ఈ మాట వెనకాల నుంచి విన్న సత్యవతి వెళ్లి తన బరంపురం పట్టుచీరల బీరువాకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. ఈ ఇంట్లో ఇకమీదట తాళంచెవి ఉన్న మనిషి ఆవిడే.